మాస్టారి నోటు పుస్తకాలు ఎక్కడ పెట్టమంటారు? – గ్రంథాలయ అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖల సంచాలకులకు,
జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు,

నమస్కారం.

పోయిన ఒక మాస్టారి పుస్తకాలు తీసుకోండి, ఆయన రాతలు దాచండి అని మీలో ఒకరికి నేను రెండు ఉత్తరాలు రాశాను. 2023 డిసెంబరులో మొదటిది, 2024 ఫిబ్రవరిలో రెండోది. రెండోదాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపితే ముట్టినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. జవాబు రాలేదు. ఆ మే నెలలో సెలవు పెట్టుకుని స్వయంగా వచ్చి కలిశాను. అది ఏ జిల్లానో, అక్కడ నాతో మాట్లాడింది ఎవరో ఇక్కడ రాయడం లేదు. ఆ తర్వాత ఇదే పని మీద వేరే జిల్లాలకు వెళ్ళిన ఇద్దరు ముగ్గురిని అడిగితే, వాళ్ళకూ దాదాపు అదే జవాబు దొరికింది. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ రాస్తున్నాను.

ఆ మాస్టారు నా స్నేహితుడు. ఆయన నాకంటే ముప్పై ఏళ్ళకు పైగా పెద్ద. గుంటూరు డెల్టాలో ఒక పల్లెటూరు. జిల్లా పరిషత్తు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి 2004లో రిటైరయ్యారు. మాది జనగామ వైపు. మామూలుగా అయితే మేం కలిసే దారే లేదు. 2009 సంక్రాంతికి మా తాత కల్లం గురించి ఆన్‌లైన్‌లో ఒక చిన్న జ్ఞాపకం రాశాను. అందులో ఒకచోట "వరి కోసి మెదలేసి" అని రాసి ముందుకెళ్ళిపోయాను. మర్నాడు ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయన దగ్గర్నుంచి రెండు వాక్యాలొచ్చాయి: "అమ్మా, మీ మెద, మా వైపు పన ఒకటేనా? ఒక మెదకి ఎన్ని పిడికిళ్ళు?"

రాసింది బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్క ముక్క లేదు. నాకు జవాబు తెలియదు. ఆ ఆదివారం ఊరికెళ్ళినప్పుడు అమ్మనడిగాను. అమ్మ చీపురులోంచి గుప్పెడు పుల్లలు లాగి, ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి కొడవలిలా ఆడిస్తూ చూపించింది. "పిడికెడు కోసుడు, మళ్ళ పిడికెడు కోసుడు. చేతులకు నిండినంక కింద పెడ్తం గదా, గదే మెద. నాకైతే నాలుగు పిడికిళ్ళు. మీ అమ్మమ్మకు మూడే, ఆమెది చిన్న చెయ్యి." అదంతా ఉన్నదున్నట్టు ఆయనకు రాసి పంపాను. సాయంత్రానికి తిరుగు జవాబు: "అమ్మగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. ఏ నిఘంటువులోనూ దొరకనిది ఆవిడ చెప్పారు. మెద కొలత కోసే మనిషి చేతిని బట్టి ఉంటుందని రాసుకున్నాను."

అప్పట్నుంచి 2023 జులైలో ఆయన పోయేదాకా, పద్నాలుగేళ్ళ పాటు మాట్లాడుకున్నాం. చూసింది మూడుసార్లే. ఆయన నన్ను అమ్మా అనేవారు, నేను మాస్టారూ అనేదాన్ని. మా ఇంట్లో పెళ్ళికి రాలేకపోయినా, అప్పగింతలప్పుడు తన చిన్నతనంలో పాడే పాటలోంచి నాలుగు చరణాలు టైపు చేసి పంపారు. మా నాన్న పోయినప్పుడు పదకొండో రోజున ఫోన్ చేసి, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా, నాన్న నాగలి పట్టేవారా, ఏ చేత్తో పట్టేవారు, ఎడ్లను ఏమని అదిలించేవారు అని అరగంట సేపు అడిగారు. నేను చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఏడవనిచ్చి, "రాసుకున్నానమ్మా" అన్నారు. ఆ రోజుల్లో నాకు అంత మేలు చేసిన ఫోన్ ఇంకొకటి లేదు.

ఊళ్ళలో వాడే మాటలు అడిగి రాసిపెట్టడం ఆయన చేసిన పని. అది మీకు తెలియాలి, ఎందుకంటే అది నిజానికి మీ శాఖ పని. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ సంపుటం, మాస్టారి బల్ల మీద ఎప్పుడూ ఉండేది. అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితంతో తనే కుట్టుకున్నారు. "ఇది చాలా గొప్ప పుస్తకమమ్మా, కానీ దీనికోసం తిరిగినవాళ్ళు మా ఊరు రాలేదు" అనేవారు. రిటైరయ్యాక రోజూ సాయంత్రం కాలవగట్టు మీదికో, టీకొట్టు దగ్గరికో వెళ్ళి, నాట్లేసే ఆడవాళ్ళనీ, ఒకప్పుడు కొమ్మమూరు కాలువలో పడవలు నడిపినవాళ్ళనీ, చీరాల వైపు మగ్గం నేసినవాళ్ళనీ కూర్చోబెట్టి అడిగేవారు. ముందు రూళ్ళ నోటు పుస్తకంలో రాయడం, తర్వాత టైపు చేయడం. మనవడు కీబోర్డు మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించి ఇచ్చాడట. ఆ చీటీలు అరిగి రాలిపోయే వేళకు అక్షరాల చోటు వేలికి వచ్చేసింది. ఒక్క చూపుడువేలితోనే, చివరిదాకా.

ఆయన రాసిన మాట ఒకటి నా దగ్గరున్న నోటు పుస్తకంలోంచి చూపిస్తాను:

"బోదె. కాలవలోంచి చేలోకి నీరు పారే చిన్న తోవ. వాడుక: బోదె పూడిపోయింది, పార పట్రా. చెప్పినవారు: నాట్ల కూలి, ఆడమనిషి, వయసు డెబ్బై పైన. పేరు రాయవద్దన్నారు."

ప్రతి మాట కిందా "చెప్పినవారు" అన్న వరస ఉంటుంది. మూడు వేల పైచిలుకు మాటలకూ ఉంది. పేరు రాయమన్నవాళ్ళ పేరు రాశారు, వద్దన్నవాళ్ళకు వయసూ పనీ రాశారు. ఇవి తన రాతలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. "నేను గుమస్తానమ్మా, సొమ్ము వాళ్ళది" అనేవారు.

ఇంకొక్క సంగతి చెప్పి అసలు విషయానికొస్తాను. నాగలి చాలులో మొదటి అక్షరాన్ని దంత్యంగా (నాలుక పళ్ళకు తగిలేలా పలికే అక్షరంగా), ౘాలు అని రాయాలని ఆయన పట్టుదల. ౘ, ౙ అక్షరాలకు యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ వాడే ఉమ్మడి అక్షరాల పట్టికలో, 2008లో చోటు దొరికింది. ఆ కబురు తెలిసిన రోజున స్కూలు పిల్లలకు బిళ్ళలు పంచారని వాళ్ళావిడ చెప్పారు. నా పాత ఫోన్‌లో ఆ అక్షరం ఉత్త డబ్బాలా కనపడేది. ఆ మాట చెబితే, "ఉండనీ అమ్మా, డబ్బా లోపల అక్షరం ఉంది కదా, ఎప్పటికైనా ఫోన్లు నేర్చుకుంటాయి" అన్నారు. నేర్చుకున్నాయి. ఆయన చూశారు కూడా.

ఆయన పోయాక ఏం జరిగిందో వరసగా చెబుతాను.

1. ఆన్‌లైన్‌లో రాసినవన్నీ ఏటా అద్దె కట్టే చోట పెట్టుకున్నారు. ఆ డబ్బు ఆయన బ్యాంకు కార్డు మీద పోయేది. కుటుంబం బ్యాంకు ఖాతా మూసేశాక అద్దె ఆగింది. హెచ్చరికలు ఆయన ఈమెయిలుకే వెళ్ళి ఉంటాయి. అది తెరవాలంటే ఓటీపీ ఆయన ఫోన్‌కి రావాలి. ఫోన్‌ను సొరుగులో పెట్టేశారు. తొంభై రోజులు వాడని నంబరును కంపెనీ ఆపేయవచ్చన్న నిబంధన ఉందని అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. 2024 వేసవి వచ్చేసరికి పద్నాలుగేళ్ళ రాతల్లో ఒక్క అక్షరం తెర మీద లేదు.

2. అంతకు ముందు, 2005 నుంచి మూడేళ్ళపాటు, తెలిసిన డీటీపీ కుర్రాడు పెట్టిచ్చిన ఫాంటులో టైపు చేశారు. ఆ ఫైళ్ళు ఒక సీడీలో నాకు పంపి ఉన్నారు. ఇప్పుడు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ కొమ్ములూ చుక్కలూ కలగలిసిన గజిబిజి తప్ప తెలుగు కనపడదు. ఆ ఫాంటు ఏదో తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చడం సాధ్యమే. ఆ కుర్రాడు ఎప్పుడో దుకాణం ఎత్తేసి ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

3. ఇంట్లో ఎనిమిది బీరువాల పుస్తకాలు. పాత పత్రికల బైండ్లు, ఊరూరా అచ్చయిన శతకాలు, స్కూళ్ళ వజ్రోత్సవ సంచికలు, పంచాంగాలు, కులసంఘాల వాళ్ళు వేసిన చిన్న పుస్తకాలు. అమ్మగారు (మాస్టారి భార్య) కూతురింటికి వెళ్ళాల్సి వచ్చింది, ఇల్లు ఖాళీ చేయాలి. మీకు నేను ఉత్తరాలు రాసింది ఈ రెండు విషయాల మీదే: పుస్తకాలు తీసుకోండి, రాతలు దాచండి అని. మే నెలలో కలిసినప్పుడు వచ్చిన జవాబు ఇది: స్థలం లేదు, పాత పుస్తకాలు విరాళంగా తీసుకునే పద్ధతి లేదు, తీసుకున్నా రిజిస్టరులో ఎక్కించడానికి మనిషి లేడు. ఇక కంప్యూటర్లో రాసినవి అంటారా, వాటికీ లైబ్రరీకీ సంబంధం లేదు. మర్యాదగానే చెప్పారు, మంచినీళ్ళు కూడా ఇచ్చారు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. ఆయన ఒక్కడే ఆ భవనంలో మూడు ఉద్యోగాలు చేస్తున్నాడు.

4. నెల తర్వాత సగానికి పైగా పుస్తకాలు తూకానికి వెళ్ళాయి. ఆ సంగతి తెలిసి నేను వెళ్ళేసరికి చిత్తు కాగితాల దుకాణంలో కొన్ని కట్టలు మిగిలున్నాయి. పురికొసతో కట్టిన ఒక కట్టలో పైనున్న పుస్తకం తెరిస్తే, అంచున పెన్సిలుతో సన్నటి అక్షరాలు: "ఈ మాట మా వైపు వేరు, చూ. 7వ నోటు పుస్తకం." ఆ కట్టను కొనుక్కొచ్చుకున్నాను. పదకొండు నోటు పుస్తకాలను మాత్రం అమ్మగారు ముందే తీసి నా చేతిలో పెట్టారు.

5. ఆయన తెలుగు విక్షనరీలో (అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ నిఘంటువులో) చేర్చిన కొన్ని వందల మాటలు మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ రాసేవారు రాసేటప్పుడే అందరూ వాడుకోవచ్చన్న అనుమతి ఇచ్చి రాస్తారు, చోటు అద్దె ఏ ఒక్కరి కార్డు మీదా ఉండదు. ఆన్‌లైన్ రాతల్లోనూ కొంత భాగాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ ఎవరూ అడగకుండానే నకలు తీసి పెట్టింది. బోదె, పుంత, డొంక, పన, కుప్ప లాంటి మాటలు అమెరికాలో ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గర దొరికాయి. మాస్టారి ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న గ్రంథాలయంలో వాటికి అర బీరువా చోటు దొరకలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తోంది.

దీనివల్ల ఎవరికి నష్టం అని మీరు అడగవచ్చు. పరిశోధన చేసేవాళ్ళ సంగతి పక్కన పెడతాను, వాళ్ళ గొంతు వాళ్ళకుంది. 2016 ప్రాంతంలో మాస్టారి దగ్గరకు పక్క ఊరి చిన్న రైతు ఒకాయన తన తాత పేరున ఉన్న పాత దస్తావేజు నకలు పట్టుకుని వచ్చాడు. హద్దుల్లో ఒక వైపు పుంత (పొలాల మధ్య బండి బాట), ఒక వైపు బోదె అని ఉంది. పక్క పొలం వాళ్ళు ఆ బోదెను కాలవ అని వాదిస్తున్నారు. కాలవైతే హద్దు ఇంకో వైపుకు జరుగుతుంది. ఆయన కొడుకు హైదరాబాదులో చదువుకున్నవాడే, కానీ వాడికి ఆ రెండు మాటలూ తెలియవు. మాస్టారు తన నోటు పుస్తకంలోంచి ఆ మాటలు చెప్పినవాళ్ళ వివరాలతో సహా ఒక కాగితం రాసిచ్చారు. పెద్దమనుషుల దగ్గర ఆ కాగితం పనికొచ్చింది, కోర్టుదాకా పోలేదు. ఇవాళ అలాంటి రైతు వస్తే ఎవరి దగ్గరికి పంపాలి?

కోత మిషన్లు వచ్చాక కుప్పనూర్పిళ్ళు పోయాయి. బంతి కట్టి ఎడ్లతో తొక్కించడం, తూర్పారబట్టడం, తాలు వేరు చేయడం, కోత అయ్యాక పిల్లలు పరిగె ఏరుకోవడం, ఇవేవీ ఇప్పటి పిల్లలు చూడలేదు. పని పోతే మాట పోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ తెలిసినవాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసిపెట్టిన మాట కూడా పోవడం వేరు. దానికి బాధ్యులుంటారు. ఆ నాట్ల కూలి, పేరు రాయవద్దన్న ఆవిడ, చదువుకోలేదు. ఆవిడ నోటి మాట ఒక కాగితం మీద ఉండిపోయిందంటే మాస్టారి వల్ల. ఆ కాగితమూ పోతే, ఆవిడ బతికిన బతుక్కి అక్షరంలో ఆనవాలు ఏదీ మిగలదు.

ఇప్పుడు మీ బాధ్యత సంగతి. ఇది నేను మీ మీద కొత్తగా మోపుతున్న బరువు కాదు.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మేం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. పట్నంలోనైనా పల్లెలోనైనా, పుస్తకం ముట్టనివాడైనా కడతాడు. మాస్టారూ కట్టారు. స్థానిక సంస్థలు ఆ డబ్బు వసూలు చేసి మీకు జమ చేయకుండా బకాయి పెడుతున్నాయన్నది ఏళ్ళ తరబడి మీరూ చెప్పుకుంటున్న బాధే. అందులో మేం మీ పక్షానే ఉన్నాం. అయితే ఎంత రావాలి, ఎంత వచ్చింది, వచ్చినదాంట్లో పుస్తకాలకు ఎంత వెళ్ళింది అన్నది మా జిల్లా గ్రంథాలయం గోడ మీద మాకు కనపడాలి. కనపడితే మీ తరఫున మేం అడుగుతాం.

అచ్చు పుస్తకానికి కనీసం ఒక చట్టం ఉంది. 1954 నాటి అప్పగింత చట్టం ప్రకారం ప్రచురణకర్త ముప్పై రోజుల్లోపు కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి ఒక ప్రతి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. ఆ నాలుగింటిలో తెలుగు నేల మీద ఉన్నది ఒక్కటీ లేదు. ఆ చట్టం రాసిన నాటికి కంప్యూటరు రాత లేదు కనుక అందులో దాని ప్రస్తావనా లేదు. బ్రిటన్ 2013లోనే ఈ లోటు పూడ్చుకుంది, అచ్చుకాని ప్రచురణలను కూడా అక్కడి అప్పగింత గ్రంథాలయాలు సేకరించుకునేలా నిబంధనలు తెచ్చింది.

కాపీరైటు అడ్డం అని కొందరు చెబుతారు. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి అరవై ఏళ్ళు హక్కు వారసులది. అంటే మాస్టారి రాతల మీద 2083 చివరిదాకా పిల్లలకు హక్కుంది. వాళ్ళు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, తీసుకునేవాళ్ళు లేరు. ఇక మీ బీరువాల్లో ఇప్పటికే ఉన్న అచ్చు పుస్తకాల సంగతైతే, 2012 సవరణ తర్వాత కాపీరైటు చట్టం 52వ సెక్షను లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చని స్పష్టంగా చెబుతోంది. అనుమతి కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు.

చెన్నైలో రోజా ముత్తయ్య గ్రంథాలయం సంగతి మీకు తెలియకపోదు. తమిళనాడులోని కోట్టైయూరులో ఒక మనిషి జీవితమంతా పోగుచేసిన తమిళ పుస్తకాలు ఆయన 1992లో పోయాక చెల్లాచెదురు కావలసినవే. షికాగో విశ్వవిద్యాలయం కొని, వాటిని దేశం దాటించకుండా చెన్నైలోనే గ్రంథాలయంగా నిలబెట్టింది. మనకు షికాగో అక్కర్లేదు. 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్నవాళ్ళం. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్నవాళ్ళం. 1918లో వేటపాలెం లాంటి నేతపల్లెలో సారస్వత నికేతనం వెలిసింది. పాతూరి నాగభూషణం గారు 1930లలో గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపించారు. మాస్టారి నాన్నగారు ఆ పడవ పుస్తకాలు చదివినవారట. ఆ కాలంలో ఇంటిపన్నులో ఎనిమిది పైసలు లేవు, చందాలతో నడిపారు. గట్టు దగ్గరకు పడవలో వచ్చిన గ్రంథాలయం, ఆ గట్టు మీద కూర్చుని మాటలు రాసుకున్న మనిషి నోటు పుస్తకాలను వద్దనడం నాకు మింగుడు పడటం లేదు.

కాబట్టి మా కోరికలు ఇవి. చిన్నవి ముందు రాస్తున్నాను.

1. పోయినవారి పుస్తకాలు ఇస్తామని కుటుంబం ఉత్తరం రాస్తే ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. వద్దంటే వద్దని రాసివ్వండి. ఎవరైనా ఇంకో దారి చూసుకుంటారు. జవాబు లేకపోవడం వల్ల మేం ఆరు నెలలు ఎదురుచూశాం, ఆ ఆరు నెలలే దొరికి ఉంటే పుస్తకాలు తూకానికి వెళ్ళేవి కావు.

2. అన్నీ తీసుకోమనడం లేదు. జిల్లాకొక చిన్న సంఘం వేయండి: ఒక గ్రంథాలయ ఉద్యోగి, తెలుగు చెప్పే ఒక అధ్యాపకుడు, ఊరి సంగతులు తెలిసిన ఒక పెద్దమనిషి. ఇంటికెళ్ళి చూసి, వేరేచోట దొరకనివి ఏరి తెచ్చుకోండి. స్కూలు సంచికలు, ఊరి శతకాలు, చేతిరాత పుస్తకాలకు మొదటి స్థానం ఇవ్వండి. పేరున్న నవలలు ఎక్కడైనా దొరుకుతాయి.

3. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక బల్ల, ఒక కంప్యూటరు పెట్టి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చిన తెలుగు రాతలను రసీదు ఇచ్చి తీసుకోండి. ఒక పేజీ అంగీకార పత్రం చాలు: ఎవరు రాశారు, ఎవరు ఇస్తున్నారు, ఎవరెవరు చదవవచ్చు. పాత ఫాంట్లలో ఉన్నవాటిని మార్చడానికి రాష్ట్రానికి ఒకచోట ఇద్దరు మనుషులున్నా సరిపోతుంది. విక్షనరీలో, పాత పుస్తకాలను టైపు చేసి పెట్టే వికీసోర్సులో జీతం లేకుండా ఇలాంటి పని చేస్తున్న తెలుగువాళ్ళు ఉన్నారు. పిలిస్తే వస్తారు, వాళ్ళని పిలవండి.

4. ఇది అన్నిటికంటే ముఖ్యం, తొందరగా చేయాల్సింది. బతికి ఉన్నవాళ్ళ దగ్గరకు వెళ్ళండి. ప్రతి ఊళ్ళోనూ రిటైరైన మాస్టార్లు, పోస్టుమాస్టర్లు, వీఆర్వోలు ఫోన్లలో, కంప్యూటర్లలో ఏళ్ళ తరబడి రాసుకుంటున్నారు. వాళ్ళలో చాలామందికి తమ తర్వాత ఆ ఖాతా ఎవరు తెరుస్తారన్న ఆలోచన రాదు. గూగుల్ రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధనను 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. తమ తర్వాత ఎవరికి అందాలో ముందే చెప్పి ఉంచే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. అది ఉందని వాళ్ళకెవరూ చెప్పరు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 14వ సెక్షను కూడా మన తర్వాత మన తరఫున అడిగే మనిషిని నియమించుకునే హక్కు ఇచ్చింది. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరుపుతారు కదా. ఆ వారంలో ఒక పూట ఉపన్యాసాలు మానేసి, పెద్దవాళ్ళను పిలిచి, వాళ్ళ ఫోన్ చేతిలోకి తీసుకుని, ఈ పని ఒక్కటి దగ్గరుండి చేసిపెట్టండి. మాస్టారికి ఎవరైనా అరగంట ఇది చేసిపెట్టి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాను. ఆ ఎవరో నేనే అయి ఉండాల్సింది, నాకు తోచలేదు. ఆ బాధ నాతోనే ఉంటుంది.

5. మీ బీరువాల్లో ఉన్న పాత పత్రికలను, ఒక్క ప్రతే మిగిలిన పుస్తకాలను చట్టం ఇచ్చిన వెసులుబాటు వాడుకుని స్కాన్ చేయించండి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను డిజిటైజ్ చేసిన అనుభవం మన దగ్గరే ఉంది.

6. 1954 చట్టంలో కంప్యూటరు రాతలను కూడా చేర్చమని, తెలుగు నేల మీద ఒక అప్పగింత గ్రంథాలయం ఉండాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కేంద్రానికి రాయాలి. ఆ ప్రతిపాదన మీ శాఖల నుంచి కదిలితేనే పైకి వెళ్తుంది.

7. గ్రంథాలయ పన్ను లెక్క ఏటా ఏప్రిల్‌లో ప్రతి జిల్లా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఈ ఉత్తరం నకలును రెండు రాష్ట్రాల శాసనసభ్యుల్లో నాకు చేతనైనంత మందికి పంపుతున్నాను. మీ నుంచి రెండు నెలల్లో ఏ కబురూ రాకపోతే, ఇలా పుస్తకాలు పోగొట్టుకున్న కుటుంబాలను కూడగట్టి మీ కార్యాలయాలకు వస్తాం. గొడవ చేయడానికి రాం. పుస్తకాలు పట్టుకుని వస్తాం.

పదకొండు నోటు పుస్తకాలు మా ఇంట్లో ఇనుప బీరువా పై అరలో, ఎండిన వేపాకు మధ్య ఉన్నాయి. ఏడోదానికి కుట్టు వదులైంది, కాగితాలు జారకుండా గుడ్డపేలిక చుట్టాను. మా అమ్మకు డెబ్బై ఆరు. మొన్న ఊరి నుంచి వచ్చినప్పుడు ఒకటి తీసి, మెద గురించి రాసిన పేజీ చదవమంది. చదివాను. "చెప్పినవారు" అన్నచోట తన పేరుంది. వేలితో తడిమి చూసుకుంది.

ఎవరు తీసుకుంటారో, ఎప్పుడు రమ్మంటారో చెప్పండి. బస్సు ఖర్చులు నావే, నేనే మోసుకొస్తాను. రసీదు ఒకటి రాసివ్వండి, చాలు.

ఇట్లు,
మాస్టారి స్నేహితురాలు
హైదరాబాదు